అనుమతి లేదన్నారు సరే, ఎవరికి లేదో చెప్పండి: క్లౌడ్ సేవల సంస్థలకు బహిరంగ లేఖ

క్లౌడ్ సేవలందించే సంస్థల్లో ఏపీఐల (ఒక ప్రోగ్రాము మరో సేవను వాడుకునే ద్వారాల) రూపకల్పన, డాక్యుమెంటేషన్, సపోర్ట్ విభాగాల బాధ్యులకు,

నమస్కారం. మీరు అద్దెకిచ్చే సేవలే లేకపోతే, నలుగురు మనుషులున్న మా సంస్థ భీమవరంలో ఒక మేడ మీది గదిలో కూర్చుని, తెలుగులో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌ను నెలకు కొద్ది వేల రూపాయల ఖర్చుతో నడపగలిగేది కాదు. ఆ మాట ఒప్పుకుని అసలు విషయానికి వస్తున్నాం. అనుమతి లేదని తిప్పిపంపే మీ ఏపీఐలు, ఎవరికి ఏ అనుమతి లేదో చాలాసార్లు చెప్పవు. మీలో ఒక సంస్థకు ఈ విషయమై మూడుసార్లు రాశాం. మొదటిసారి డాక్యుమెంటేషన్ పేజీ లింకు వచ్చింది. రెండోసారి అదే లింకు వచ్చింది. మూడోసారి, మేము బదులివ్వలేదన్న కారణం చూపి మా ఫిర్యాదు టికెట్ తనంతట తానే మూసుకుపోయింది. మేము బదులిచ్చిన మెయిలు మాత్రం మా దగ్గర భద్రంగా ఉంది. అందుకే ఇలా అందరి ఎదుటికీ రావాల్సి వచ్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగిలినవారు ఇది తమ గొడవ కాదనుకుంటారు, కానీ ఈ లోపం హెచ్చుతగ్గులతో మీ అందరిలోనూ ఉంది.

మా పని ఇది. రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే కొన్ని ల్యాబ్‌లకు మేము సాఫ్ట్‌వేర్ రాసిచ్చాం. రైతు సీసాలో పట్టుకొచ్చిన నీటికి ల్యాబ్‌లో పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ వంటివి చూసి సాయంత్రానికి అంకెలు ఎక్కిస్తారు. ఆ అంకెలున్న చీటీ ల్యాబ్‌లోనే ఉండిపోతుంది, రైతు చెరువు గట్టు మీద ఉంటాడు. కాబట్టి అమ్మోనియా గాని పీహెచ్ గాని హద్దు దాటినప్పుడు, ఆ సంగతిని ఒక తెలుగు వాక్యంగా కూర్చి, రాతను మాటగా మార్చే క్లౌడ్ ఏపీఐకి పంపి, అది పలికిన మాటను రైతు ఫోనుకు వినిపించే ఏర్పాటు చేశాం. అంకెలు హద్దుల్లో ఉంటే ఫోను వెళ్లదు. ఈ చివరి వాక్యం కాస్త గుర్తుంచుకోమని మనవి.

గత వేసవిలో ఒక శనివారం, బిల్లుల లెక్క విడిగా ఉండాలని, ఈ పనిని మొత్తంగా క్లౌడ్‌లో ఒక కొత్త ప్రాజెక్టులోకి, అంటే విడి విభాగంలోకి, మార్చాం. ప్రోగ్రాము వాడుకునే కొత్త సర్వీస్ అకౌంట్ తెరిచాం, దానికి కావలసిన రోల్ (అనుమతుల మూట) ఇచ్చాం, దాని గుర్తింపుకు రుజువైన కీ ఫైలు దించుకున్నాం, ల్యాప్‌టాప్‌లో నడిపి చూశాం. ‘నమస్కారం’ అని చక్కగా పలికింది. సాయంత్రం 7 గంటలకు అదే ప్రోగ్రామును సర్వర్ మీద పెట్టాం. 403. అభ్యర్థనను తిరస్కరించేటప్పుడు వెబ్ సేవలు పంపే సంఖ్య అది. దాని వెంట ఉన్నది, ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు అన్న అర్థం వచ్చే ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం.

మీకు అంటే ఎవరికి? ఆ ముక్క ఆ వాక్యంలో లేదు. ఆ రాత్రంతా మేము వెతికింది ఆ ఒక్క ముక్క కోసమే, అయితే వెతుకుతున్నది దానికోసమని కూడా మాకు తెలియదు. ఏపీఐ ఆన్‌లో ఉందా అని చూశాం, ఉంది. బిల్లింగ్ ఖాతా ముడిపడి ఉందా అని చూశాం, ఉంది. రోల్ తీసేసి మళ్లీ ఇచ్చాం, పది నిమిషాలు ఆగాం, కొత్త కీ ఫైలు తెచ్చి పెట్టాం. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకు, సిగ్గు విడిచి చెబుతున్నాం, ఆ సర్వీస్ అకౌంటుకు ఏకంగా ఓనర్ రోల్ ఇచ్చేశాం. అయినా 403. ప్రాజెక్టుకే యజమానిని చేసినా గడప దాటనివ్వడం లేదంటే, తలుపు తట్టుతున్నది వేరెవరోనని మాకు అప్పుడైనా తట్టి ఉండవలసింది. తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు కారణం దొరికింది. కీ ఫైలు ఎక్కడుందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను మేము సర్వర్‌లో లాగిన్ అయ్యే యూజర్ సెట్టింగుల్లో రాశాం. ప్రోగ్రాము మాత్రం లాగిన్‌తో నిమిత్తం లేకుండా సిస్టమ్‌డీ (లినక్స్ సర్వర్లో ప్రోగ్రాములను నడిపే వ్యవస్థ) కింద బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుంది, ఆ సెట్టింగులను అది చదవదు. మీ ఏపీఐని పిలవడానికి మీరిచ్చిన లైబ్రరీ, కీ ఫైలు జాడ తెలియక, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, ఆ వర్చువల్ మెషీన్‌కు, అంటే మా అద్దె సర్వర్‌కు, పుట్టుకతో వచ్చిన డిఫాల్ట్ అకౌంటు పేరున వెళ్లి తలుపు తట్టింది. ల్యాప్‌టాప్‌లో పని జరగడానికి కారణం ఇంకా విచిత్రం. అక్కడా కీ ఫైలును చదవనే లేదు. మాలో ఒకరు ఎప్పుడో నెలల కిందట చేసుకున్న సొంత లాగిన్ ఆ ల్యాప్‌టాప్‌లో మిగిలి ఉంటే దాన్ని వాడుకుంది. అంటే మేము రోల్ ఇచ్చింది ఒకరికి, ల్యాప్‌టాప్‌లో లోపలికి వెళ్లింది ఇంకొకరు, సర్వర్ నుంచి వెళ్లి తిరిగొచ్చింది మూడోవారు. దిద్దుబాటుకు సర్వీస్ ఫైలులో ఒక్క పంక్తి చేర్చాం, నిమిషం కూడా పట్టలేదు. దాన్ని కనుక్కోవడానికి 19 గంటలు పట్టింది.

ఈ 19 గంటల మధ్యలో, ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు, ఒక రైతు ఫోన్ చేశారు. “బాబూ, రాత్రి నీ ఫోను రాలేదుగా, నీళ్లు బాగున్నాయనుకుని మేత మామూలుగానే వేయించాను” అన్నారు. ల్యాబ్ చీటీలో ఆయన చెరువు అమ్మోనియా హద్దు దాటి ఉంది. ఫోను వెళ్లి ఉంటే ఆయన రాత్రి మేత ఆపేవారు, నీటికి గాలి అందించే ఏరియేటర్లు వదలకుండా తిప్పించేవారు. తెల్లారేసరికి రొయ్య గట్టు వారకు వచ్చి పైకి తేలింది. ఎంత పోయిందో ఆయన మాకు చెప్పలేదు, అడగడానికి మాకు నోరు రాలేదు.

ఆ నష్టానికి మీరే కారణమని అనడం లేదు. ఏపీఐ పలకనప్పుడు కనీసం ఒక ఎస్ఎంఎస్ వెళ్లే ఏర్పాటు చేయకపోవడం మా తప్పు, తర్వాత చేశాం. ఇప్పుడు అంకెలు బాగున్న రోజు కూడా బాగున్నాయన్న కబురు వెళుతోంది. మా తప్పు మేము దిద్దుకున్నాం కాబట్టే మీ వంతు అడుగుతున్నాం. అర్థం కాని 403 వల్ల జరిగేవి ఇవి:

1. ఏపీఐ తిరస్కరణ ప్రోగ్రాము రాసినవాడి తెర మీద ఎర్ర అక్షరాలుగా కనిపిస్తుంది, కానీ చివరన ఉన్న మనిషికి అది మౌనంగా చేరుతుంది. ఆ మనిషికి మధ్యలో క్లౌడ్ ఒకటుందని తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఫోను రాలేదంటే ప్రమాదం లేదనుకుంటారు. మా విషయంలో అది చెరువు. వేరొకరి విషయంలో ఆసుపత్రి నుంచి రావలసిన పరీక్ష ఫలితం కావచ్చు, పిల్లల బడి బస్సు ఆలస్యమైందన్న కబురు కావచ్చు.

2. ఏ అనుమతి తక్కువైందో తెలియనివాడు అన్ని అనుమతులూ ఇచ్చేస్తాడు. ఆ రాత్రి మేము చేసిందీ అదే. అంతకన్నా దారుణం, దొరికిన కారణం వేరు కావడంతో ఆ ఓనర్ రోల్ సంగతే మరిచిపోయాం. 40 రోజుల తర్వాత వేరే పని మీద ఆ పేజీ తెరిచినప్పుడు కనబడి ఉలిక్కిపడ్డాం. ఆ కీ ఫైలు ఎవరి చేతికైనా చిక్కి ఉంటే మా ప్రాజెక్టు మొత్తం వారి సొంతమయ్యేది. అవసరానికి మించిన రోల్ ఏం చేయగలదో 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు ఉదంతంలో లోకమంతా చూసింది. తప్పుగా అమర్చిన ఫైర్‌వాల్ ద్వారా చొరబడిన వ్యక్తికి, ఆ ఫైర్‌వాల్‌కు ఇచ్చిన రోలే స్టోరేజీలోని ఫైళ్లు చదివే దారి చూపింది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. అక్కడ అంత పెద్ద రోల్ ఎందుకిచ్చారో మేము చెప్పలేం. మా ప్రాజెక్టులో ఎందుకిచ్చామో మాత్రం చెప్పగలం: మీ సందేశం సగమే చెప్పింది కాబట్టి.

3. జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీల నుంచి మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలు 403 రాగానే వీడియోలు వెతుకుతారు. అక్కడ దొరికే మొదటి సలహా ఓనర్ రోల్ ఇవ్వమని. మీ పేజీ చెప్పనిది వీడియో చెబుతుంది, అలవాటు అక్కడే మొదలవుతుంది.

ఇక సాంకేతిక సంగతి. మేము అడుగుతున్నది వింత కోరిక కాదని చూపడానికి కొంత వివరంగా రాస్తున్నాం.

వెబ్‌లో అభ్యర్థనలు, జవాబులు నడిచే నియమాలైన హెచ్‌టీటీపీ ప్రమాణపత్రం, 2022 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110, రెండు తిరస్కరణలను విడదీసింది. 401 అంటే వచ్చినవారు ఎవరో రుజువు కాలేదని. అలా తిప్పిపంపేటప్పుడు ఎలా రుజువు చేసుకోవాలో తెలిపే హెడర్‌ను (జవాబు తలభాగంలోని పంక్తిని) తప్పనిసరిగా పంపాలని కూడా అందులోనే ఉంది. 403 అంటే అడిగింది అర్థమైంది, అయినా ఇవ్వమని; కారణం చెప్పాలనుకుంటే సమాధానంలో చెప్పవచ్చన్నది. చెప్పవచ్చు అన్నదాన్ని మీలో చాలామంది చెప్పనక్కర్లేదు అని చదువుకున్నట్టున్నారు. అలాగే, వస్తువు ఉందన్న సంగతే దాచాలనుకుంటే 403కు బదులు 404 పంపే వీలు కూడా ఆ పత్రం ఇచ్చింది. ఫైలు అక్కడే ఉంది, అనుమతి లేదు, కానీ తెర మీద ‘దొరకలేదు’ అని వస్తుంది. ప్రోగ్రామరు ఫైలు పేరులో అక్షరదోషాలు వెతుకుతూ కూర్చుంటాడు.

ఒక్క 403 వెనుక ఎన్ని కారణాలున్నాయో చూడండి. ప్రాజెక్టులో ఆ ఏపీఐ ఆన్ చేయకపోవచ్చు. రోల్ ఒక ప్రాజెక్టులో ఇచ్చి అభ్యర్థన మరో ప్రాజెక్టుకు వెళ్తుండవచ్చు. రోల్ ఉన్నా టోకెన్‌కు (తాత్కాలిక ప్రవేశచీటీకి) స్కోప్, అంటే ఆ పనికి చాలిన పరిధి, లేకపోవచ్చు; ఇది తాళాల గుత్తి ఇంట్లో ఉంచి ఒక్క తాళంచెవి జేబులో వేసుకుని పొలం వెళ్లడం లాంటిది, గోదాము తాళం మనదే, తెరవలేం. సంస్థ పైస్థాయిలో పెట్టిన నిషేధం కింది అనుమతులను కొట్టివేస్తుండవచ్చు. ఏదీ కాకపోతే, ఇచ్చిన రోల్ ఇంకా అన్ని చోట్లకూ చేరకపోవచ్చు: మార్పు అమలులోకి రావడానికి మామూలుగా 2 నిమిషాలు, ఒక్కోసారి 7 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ పట్టవచ్చని గూగుల్ క్లౌడ్ పత్రాల్లోనే ఉంది, అజూర్‌లో 10 నిమిషాల వరకు పట్టవచ్చని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆ వ్యవధి తెలియనివాడు మూడో నిమిషంలో మళ్లీ ప్రయత్నించి, రాలేదని సరైన రోల్ తీసేసి వేరేది పెడతాడు. అలా దిద్దిన ప్రతిసారీ ఎదురుచూపు మళ్లీ మొదటికి వస్తుంది.

గడియారం సంగతి వేరే చెప్పాలి. ఒక ల్యాబ్‌లో పాత కంప్యూటరు ఉంది, దాని మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ నీరసించింది. కరెంటు పోయిన 40 నిమిషాలూ దాని గడియారం కూడా ఆగి, వచ్చాక ఆగినచోటు నుంచే నడిచింది. ఆ సాయంత్రం రిపోర్టులు స్టోరేజీకి ఎక్కలేదు, అభ్యర్థనపై సమయంతో కలిపి వేసే డిజిటల్ సంతకం చెల్లదని వచ్చింది. మేము కీ పాడైందనుకుని రెండు కీలు మార్చాం. ఇదే తప్పుకు అమెజాన్ స్టోరేజీ సేవ ఎస్3 ఇచ్చే జవాబులో అభ్యర్థన వేసుకొచ్చిన సమయం, సర్వర్ సమయం, అనుమతించే గరిష్ఠ తేడా 15 నిమిషాలు, మూడూ కనబడతాయి. ఎవరు ఆలస్యమో చదివినవాడికి వెంటనే తెలుస్తుంది. అక్కడ సాధ్యమైంది ఇంకొకచోట ఎందుకు సాధ్యం కాదు? మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, సంస్థలన్నీ తమ గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయ సర్వర్లతో కలిపి ఉంచుకోవాలని ఉంది. అది మేము పాటించవలసింది, ఆ ల్యాబ్ కంప్యూటరులో పాటించలేదు. ఆ సంగతి మీ సందేశం చూపి ఉంటే ఆ పూటే దిద్దుకునేవాళ్లం.

మన ఊరి సర్వర్లే వాడదామని ముచ్చటపడినవారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. అమెజాన్ వారి హైదరాబాద్ రీజియన్ (సర్వర్ కేంద్రాల సముదాయం) 2022 నవంబరులో తెరుచుకుంది. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన వారి రీజియన్లన్నీ ఖాతాలో మొదట మూసి ఉంటాయి, ఖాతాదారే తెరుచుకోవాలి. తెరుచుకున్నాక కూడా, ప్రపంచానికంతటికీ ఉమ్మడిగా ఉన్న పాత చిరునామా నుంచి తెచ్చుకున్న తాత్కాలిక టోకెన్, సెట్టింగు మార్చకపోతే, అలాంటి రీజియన్లో చెల్లదు. అదే టోకెన్ ముంబైలో చెల్లుతుంది. ఇది పత్రాల్లో రాసి ఉన్నదే, దాచిందేమీ కాదు. కానీ తెర మీద కనిపించేది టోకెన్ చెల్లదన్న మాట మాత్రమే కాబట్టి కుర్రవాళ్లు టోకెన్లు మారుస్తూ కూర్చుంటారు.

మంచి పద్ధతులు మీలోనే ఉన్నాయని కూడా చెప్పాలి. ‘నేనెవరిని’ అని అడిగే పిలుపు ఒకటి, తాత్కాలిక టోకెన్లు ఇచ్చే అమెజాన్ ఎస్‌టీఎస్ సేవలో ఉంది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. నిర్వాహకుడు ప్రత్యేకంగా నిషేధించినా అది జవాబిస్తుంది. అలాంటిదే మేము వాడే చోట ఉండి, మీ లైబ్రరీ మొదలవగానే దాన్ని అడిగి లాగ్‌లో (జరిగినవి రాసుకునే ఫైలులో) ఒక పంక్తి రాసి ఉంటే, ఆ శనివారం ఏడు గంటల ఐదు నిమిషాలకే మా పని ముగిసేది. అదే సంస్థ తిరస్కరణల్లో చాలావాటిలో అడిగినవారి పూర్తి పేరు, అడిగిన పని, ఏ రకం పాలసీ (అనుమతుల నియమం) వల్ల ఆగిందీ ఉంటాయి. కాబట్టి ఇది కుదరని పని అని ఎవరూ మాతో అనకండి.

వివరాలు చెబితే దొంగలకు ఉపయోగమన్న జవాబు ఒకటి వస్తుందని తెలుసు. ఆ జాగ్రత్తను తేలిగ్గా తీసిపారేయడం లేదు. కానీ తలుపు దగ్గర నిలబెట్టినవాడికి వాడి పేరే వాడికి చెబితే పోయే రహస్యం ఏమిటి? లోపలి సంగతి దాచాలనుకుంటే దానికీ ఉపాయం ఉంది. సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ సేవ ఈసీ2 కొన్ని తిరస్కరణల్లో కారణాన్ని సంకేతాల్లో చుట్టి పంపుతుంది, దాన్ని విప్పే అనుమతి ఖాతా నిర్వాహకుడి చేతిలో ఉంటుంది. సీలు వేసిన చీటీ లాంటిది. తీసుకెళ్లినవాడు చదవలేడు, ఇంటిపెద్ద చదవగలడు. దొంగ భయానికి ఇంటివాళ్లనే బయట నిలబెట్టనక్కర్లేదు.

ఆ ఆదివారం తర్వాత మేము ఒక తెల్లకాగితం మీద వరస రాసుకుని గోడకు అంటించుకున్నాం. ముందు 401నా 403నా చూడాలి. 401 అయితే రోల్ జోలికి పోకూడదు, కీ, టోకెన్ గడువు, గడియారం మాత్రమే చూడాలి. 403 అయితే, మిగతా ఏదీ ముట్టుకోకముందు, ప్రోగ్రాము నడిచే చోటనే, నడిచే పద్ధతిలోనే, అది ఎవరి పేరున వెళుతోందో కనుక్కోవాలి. ల్యాప్‌టాప్‌లో కనుక్కుంటే లెక్కలోకి రాదు. ఆ పేరు దొరికాక ప్రాజెక్టు, ఏపీఐ, రోల్, స్కోప్, పైనుంచి వచ్చిన నిషేధం, ఇదే వరసలో. ఒక మార్పు చేశాక పది నిమిషాలు ఆగాలి, ఆగేలోగా రెండో మార్పు చేయకూడదు. ఓనర్ రోల్ ఇవ్వకూడదు. చివరి మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలున్నాయి. ఈ కాగితం మీ డాక్యుమెంటేషన్ మొదటి పేజీ కావలసింది, మా గోడ మీద ఉంది.

కాబట్టి మీ ముందుంచుతున్న డిమాండ్లు ఇవి:

1. ప్రతి 403 సమాధానంలోనూ అభ్యర్థన ఎవరి పేరున వచ్చిందో, ఏ ప్రాజెక్టులో ఏ వస్తువు మీద ఏ అనుమతి తక్కువైందో తెలపాలి. ఇవన్నీ ఒక్కసారిగా కుదరవంటే మొదట పేరు చెప్పండి. మా 19 గంటల్లో 18 గంటలు ఆ పేరు కోసమే పోయాయి.

2. మీ లైబ్రరీలు కీ ఫైలు దొరకనప్పుడు మాట్లాడకుండా వేరే గుర్తింపుకు మారిపోకూడదు. మారితే ఏది దొరకలేదో, దేనికి మారిందో లాగ్‌లో స్పష్టంగా రాయాలి. అనుమతి అక్కర్లేని ‘నేనెవరిని’ పిలుపు ప్రతి సంస్థలోనూ ఉండాలి.

3. ఏపీఐ ఆన్‌లో లేకపోవడం, రోల్ లేకపోవడం, స్కోప్ చాలకపోవడం, పైస్థాయి నిషేధం, ఈ నాలుగింటికీ నాలుగు వేరు వేరు కారణ సంకేతాలుండాలి. కొందరు కొన్నింటికి ఇస్తున్నారు. అందరూ అన్నింటికీ ఇవ్వాలి. రోల్ ఇచ్చిన పేజీ మీదనే, ఇది అమలులోకి రావడానికి ఇన్ని నిమిషాలు పట్టవచ్చన్న మాట కనబడాలి.

4. వివరం దాచక తప్పని చోట, నిర్వాహకుడు విప్పుకోగల చీటీ ఇవ్వాలి.

5. తిరస్కరించిన అభ్యర్థనల లాగ్ మొదటి నుంచీ ఆన్‌లో ఉండాలి. మేము వాడే చోట అది ఆఫ్‌లో ఉందని కారణం దొరికిన తర్వాత తెలిసింది. ఎవరిని వెనక్కి పంపారో రాసుకోని కాపలా ఎందుకని అడగాల్సి వస్తోంది.

6. అనుమతి దోషాలపై వచ్చే టికెట్‌కు, సపోర్ట్ ప్లాన్ కొన్నారా లేదా అని చూడకుండా, లాగ్ చదివిన మనిషి ఒకసారైనా జవాబివ్వాలి. నెలకు కొద్ది వేల రూపాయల బిల్లు కట్టే చిన్న సంస్థ, ఒక్క ప్రశ్న అడగడానికి విడిగా ప్లాన్ కొనలేదు. ఖాతాదారు సమస్య తీరిందని చెప్పకుండా టికెట్ మూయకూడదు.

7. మీ ఉదాహరణల్లోంచి ఓనర్, ఎడిటర్ వంటి పెద్ద రోల్స్ తీసేయాలి. ప్రతి ఏపీఐ పేజీ మొదట్లోనే ఆ పనికి చాలినంత చిన్న రోల్ పేరు రాయాలి.

ఎర్రర్ సందేశాలు తెలుగులో రాయమని మేము అడగడం లేదు. ఇంగ్లీషులోనే రాయండి, కానీ వాక్యం పూర్తి చేయండి. దోషాలను వరసగా ఎలా చూసుకోవాలో తెలిపే ఒక్క పేజీ తెలుగులో పెడితే మాత్రం సంతోషిస్తాం. రాసిపెట్టడానికి మేము సిద్ధం, డబ్బు అడగం.

మీ దగ్గర పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు వేరుగా ఒక మాట. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం తెరిచింది 1998లో. గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. ఈ ఏపీఐలను రాసేవారిలో, ఆ సందేశాల్లోని పదాలు ఎంచుకునేవారిలో మనవాళ్లు తప్పక ఉంటారు. మీలో ఎవరో ఒకరు గచ్చిబౌలిలో కూర్చుని ఆ ఒక్క వాక్యం రాసి ఉండవచ్చు. రివ్యూకు వచ్చిన తదుపరి ఎర్రర్ సందేశాన్ని ఆమోదించే ముందు, రాత్రి ఒంటిగంటన్నరకు చదివేవాడికి దీని వల్ల తర్వాత ఏం చేయాలో తెలుస్తుందా అని ఒక్కసారి అడగండి. తెలియకపోతే వెనక్కి పంపండి. కారణం మాత్రం రాసి పంపండి.

ఈ లేఖ ప్రతిని మేము మూడుసార్లు రాసిన ఆ టికెట్‌కు జతచేసి మళ్లీ పంపాం. ఈ ఉదయం చూసేసరికి కూడా ఆ టికెట్ మీ పోర్టల్‌లో ‘పరిష్కారమైంది’ అనే ఉంది. దాన్ని తిరిగి తెరవండి. ఈ ఏడింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయనివి ఎందుకు చేయరో 30 రోజుల్లోగా అందులోనే రాయండి. వచ్చిన జవాబును వచ్చింది వచ్చినట్టే ఇక్కడ పెడతాం.

ఇట్లు,
భీమవరం నుంచి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్వాహకుడు, మరి ముగ్గురు సహోద్యోగులు